ఖాళీ పిస్తోలు

గల్ఫులో, జహ్రాలోని ఆ అరబ్బుల ఇంట్లో తిరుపాలమ్మ చేయని పనంటూ లేదు. వంట, ఇస్త్రీ, మూడంతస్తుల తుడుపు, పెద్దామె బతికున్నన్నాళ్లూ ఆమెకు స్నానాలు, మందులు, అన్నీ తన చేతి మీదుగానే జరిగాయి. అయితే పిస్తోలు మీద నాణెం పెట్టే పని మాత్రం ఆ ఏడు ఎండాకాలంలోనే కొత్తగా వచ్చిపడింది.

పిస్తోలు ఫహద్‌ది. ఆ ఇంటికి ఒక్కగానొక్క కొడుకు. ఇరవై నిండాయి. లైసెన్సు తండ్రి పేరు మీద ఉన్నా, వాడి మేనమామ ముచ్చటపడి కొనిపెట్టిన చిన్న పిస్తోలు అది. అరచేతిలో ఇమిడిపోయేంత. అంతకుముందు గురి నేర్పే క్లబ్బులో వాడు కాల్చిన పెద్ద పిస్తోలు ట్రిగ్గరు వేలు ఆనిస్తే చాలు కదిలేదట. దీనిది అట్లా కాదు. బిరుసు. పైగా పిడి మరీ పొట్టిది కావడంతో చిటికెన వేలికి చోటే దొరకదు. ట్రిగ్గరు నొక్కేసరికి చెయ్యంతా వంగిపోయి గుండ్లన్నీ ఎడమకూ కిందికీ పోతున్నాయి. "నీ వేలు ఇంకా దీనికి అలవాటు పడలేదు. ఇంట్లో గుండు లేకుండా నొక్కడం సాధన చెయ్. పైన ఒక నాణెం పెట్టుకో. నొక్కినా నాణెం పడకపోతే అలవాటైనట్టు" అని క్లబ్బులో నేర్పే ఆయన చెప్పాడు.

ఆ నాణెం పెట్టేందుకు తిరుపాలమ్మను పిలిచేవాడు.

రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక హాల్లో సోఫా ముందు నిలబడి, పిస్తోలు పై భాగాన్ని వెనక్కి లాగి, లోపల ఏమీ లేదని ఆమెకు చూపించేవాడు. "ఫాదీ తీరూ, చూడు" అనేవాడు. ఫాదీ అంటే ఖాళీ. ఆమె చూసి తల ఊపి, వంద ఫిల్సుల నాణెం దాని నెత్తిన పెట్టేది. వాడు ఊపిరి బిగబట్టి మెల్లగా నొక్కేవాడు. టక్. నాణెం కిందపడేది. "యల్లా తీరూ, కానీ." ఆమె వంగి తీసి మళ్లీ పెట్టేది. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నా, మోకాళ్లు లాగుతున్నా ఇదే వరస.

మొదట్లో ఆమెకు కోపం లేదు. వాడికి తొమ్మిదేళ్లప్పుడు వచ్చింది ఆ ఇంటికి. తిరుపాలమ్మ అనడం నోరు తిరగక తీరూ అన్నాడు, ఇంటిల్లిపాదికీ అదే పేరైపోయింది. వాడికి జ్వరమొస్తే పక్కన కూర్చుంది. చేప ముళ్లు తీసి నోట్లో పెట్టింది. కాబట్టి ఇదీ ఆటే అనుకుంది. నాణెం పెట్టీ పెట్టీ వాడి వేలిని గమనించడం కూడా అలవాటైంది. ముందు కాస్త దూరం ట్రిగ్గరు మెత్తగా వస్తుంది. తర్వాత ఎక్కడో అడ్డు తగులుతుంది. అక్కడ వాడి గోరు తెల్లబడుతుంది. ఆ అడ్డు దగ్గర వాడు తొందరపడేవాడు, నాణెం పడేది. ఒకనాడు తొందరపడలేదు. టక్కుమన్నా నాణెం పడలేదు. వాడు చిన్నపిల్లాడిలా ఎగిరి ఆమె భుజాలు పట్టుకుని ఊపేశాడు. ఆమెకూ సంతోషమే వేసింది. ఆ సంతోషాన్ని తల్చుకుంటే తర్వాత తర్వాత ఆమెకు ఒళ్లు మండిపోయేది.

నాణెం నిలబడ్డాక వాడికి ఆ ఆట చప్పబడింది. కదలని వస్తువు మీద ఎంత గురి కుదిరితే ఏం లాభం అనుకున్నాడేమో. ఒక సాయంత్రం ఆమె మెట్ల దగ్గర తుడుస్తుంటే వెనక ఆ ఇనుప చప్పుడు వినిపించింది. తిరిగి చూసింది. ఆ పిస్తోలు నల్లటి నోరు సూటిగా ఆమె మొహంలోకి చూస్తోంది. దాని వెనక ఒక కన్ను మూసుకుని ఫహద్.

టక్.

"ఖాళీదే తీరూ" అని నవ్వాడు. "నడువు, ఆగొద్దు. మెల్లగా మెట్లెక్కు."

ఆమె నడిచింది. ఎందుకు నడిచిందో ఆమెకే తెలియలేదు. వీపు మీద టక్, మెడ మీద టక్. మెట్లెక్కి పైకి చేరేసరికి తుడుపు కర్రను పిడికిలి బిగించి పట్టుకుని ఉంది. అది భయం అనుకుంది మొదట. స్నానాలగదిలోకి పోయి మొహం కడుక్కుని అద్దంలో చూసుకున్నాక తెలిసింది, భయం కాదని.

ఫహద్ తల్లికి చెప్పింది. ఇంటి యజమానురాలిని మామా అనడం అక్కడి అలవాటు. మామా సోఫాలో కాళ్లు ముడుచుకుని, కొత్తగా రంగు వేయించుకున్న గోళ్లు చూసుకుంటూ అక్కతో ఫోన్లో మాట్లాడుతోంది. ఫోను కాస్త పక్కకు పెట్టి విన్నది.

"ఫహద్ నా మీద గురిపెడుతున్నాడు మామా."

"ఖాళీదేగా?"

"ఖాళీదే అంటున్నాడు."

"మరింకేం?"

ఆ 'మరింకేం' దగ్గర తిరుపాలమ్మకు అరబ్బీ మాటలు దొరకలేదు. పదేళ్లకు పైగా నేర్చుకున్న భాషలో ఉప్పు, బియ్యం, ఇస్త్రీ, డాక్టరు, అన్నిటికీ మాటలున్నాయి. దీనికి లేదు.

రెండోసారి చెప్పినప్పుడు మామా నవ్వింది కూడా. "వాణ్ణి చిన్నప్పటినుంచీ ఎరుగుదువు కదా తీరూ. నువ్వంటే వాడికి ప్రేమ. పరాయివాళ్లయితే ఇట్లా ఆడతాడా?"

ఇంట్లో పనిచేసే ఇంకో మనిషి డ్రైవరు చాంద్ బాషా. రాయచోటి వాడు. ఆమెను అక్కా అంటాడు. వాకిట్లో కారు కడుగుతూ ఆమె మొహం చూసి కుళాయి తగ్గించాడు.

"ఏందక్కా, మొగం అట్ల పెట్టుకోనుండావు?"

"ఆ పిల్లోడు తుపాకి పట్టుకోని నా ఎనకాల్నే తిరగతాండాడు బాషా. ఈపొద్దు వొంటింట్లోకే వొచ్చినాడు. కూర కలబెడతాంటే చెవి కాడ పెట్టి టక్కుమనిపిచ్చినాడు."

"గుండ్లు లేవు గదక్కా."

"నువ్వూ అదే మాటా?"

"అది గాదు. వాళ్ల ఇల్లు, వాళ్ల తుపాకి. మనమేమన్నా అంటే రేపు దొంగతనమని కేసన్నా పెడ్తారు, పారిపోయిందని కేసన్నా పెడ్తారు. ఊరుకో. క్లబ్బులో పోటీ అయిపోతే వాడే మానుకుంటాడు."

"నిన్ను నిలబెట్టి కొట్టుంటే తెల్సేది నీకు."

బాషా తల వంచుకుని గుడ్డ పిండాడు. పిండిన గుడ్డనే మళ్లీ పిండాడు. "నన్నూ నిలబెట్టినాడక్కా. పోయిన వారం, గ్యారేజీలో."

"నువ్వేం జేసినావు?"

"నవ్వినా."

"నవ్వినావా!" ఆమె గొంతు ప్రహరీ దాటేట్టు లేచింది. "తల మీద తుపాకి పెడ్తే నవ్వినావా? నువ్వు నవ్వితివి గాబట్టే వాడు నా కాడికొచ్చినాడు. మనకు నొప్పే ల్యాదనుకున్యాడు."

బాషా కుళాయి పెంచాడు. ఆమె బకెట్టు తన్నుకుంటూ లోపలికి వచ్చేసింది. ఆ రోజు వంట మాడింది. మాడిందని ఎవరికీ సర్ది చెప్పలేదు, అట్లాగే వడ్డించింది.

ఇక వాడు ఆపలేదు. వేలు బాగా కుదిరింది. అడ్డు దగ్గర తొందర లేదు, గోరు తెల్లబడుతోందో లేదో అన్నట్టుండేది, అంతలోనే టక్. క్లబ్బులో అందరూ మెచ్చుకుంటున్నారని అన్నం దగ్గర తండ్రికి చెప్పుకునేవాడు. తండ్రి, బాబా అంటుంది ఆమె, పెద్దగా మాట్లాడని మనిషి. మంచిదన్నట్టు తల ఊపేవాడు. ఆ మెప్పుకోసం తన వీపూ మెడా చెవీ ఎట్లా వాడబడ్డాయో వడ్డిస్తున్న తిరుపాలమ్మకు ఒక్కదానికే తెలుసు. గిన్నె వాడి నెత్తిన కుమ్మరించాలనిపించేది.

ఒకటి మాత్రం ఆమె కనిపెట్టింది. మొదట్లో ప్రతిసారీ లాగి చూపించేవాడు, ఖాళీదని. ఈ మధ్య చూపించడం మానేశాడు. నోటితో అనడమే.

ఒక గురువారం సాయంత్రం దివానియాలో చుట్టాలొచ్చారు. ప్రహరీని ఆనుకుని ఉన్న పొడుగాటి గది అది. మగవాళ్లు కూర్చుని టీలు తాగుతూ మాట్లాడుకునే చోటు. ఆడవాళ్లు పోరు. తిరుపాలమ్మ పళ్లెం సర్ది గుమ్మం దాకా తెస్తే బాషా లోపలికి తీసుకుపోతాడు. ఆమె వంటింట్లో గాజు గ్లాసులు పేరుస్తుండగా బయట కారు తలుపు ధనామని పడింది. ఫహద్ ఎడారిలో శిబిరం దగ్గర దాయాదులతో, అందులోనూ బదర్‌తో, పందెం వేసి కాల్చడానికి పోయి ఉన్నాడు. ఆ తలుపు చప్పుడులోనే తెలిసింది, ఓడిపోయి వచ్చాడని.

నేరుగా వంటింట్లోకి వచ్చాడు. ఒళ్లంతా ఇసుక. చేతిలో పిస్తోలు.

"తీరూ, ఆ గోడకు నిలబడు."

"టీ పోవాలి."

"ఒక్క నిమిషం. బదర్ ముందు నా పరువు పోయింది. వేలు మళ్లీ పాత అలవాటుకే పోయింది. నిలబడు."

"ముందు చూపించు" అంది ఆమె.

"ఏం చూపించాలి?"

"ఖాళీదని."

"ఖాళీదే."

"చూపించు."

వాడి మొహం ఎర్రబడింది. బదర్ ముందు పోయిన పరువు ఇంకో పక్కనుంచి మళ్లీ పోతున్నట్టు అనిపించిందేమో. "నాకు నువ్వు చెబుతావా? ఈ ఇంట్లో నువ్వెవరు?" అంటూ చెయ్యెత్తాడు. వేలు ట్రిగ్గరు మీదకు పోయింది. మెత్తటి చోటు దాటింది. అడ్డు తగిలింది. గోరు తెల్లబడింది.

ఆమె వెనక్కి పోలేదు. పక్కకు ఒక అడుగు వేసి రెండు చేతులతో వాడి మణికట్టు పట్టుకుని పైకెత్తి మెలిపెట్టింది. చిన్నప్పుడు కరెంటు ప్లగ్గులో వేలు పెట్టబోతే లాగిన మణికట్టే. ఇప్పుడు మందంగా, వెంట్రుకలతో ఉంది. వాడికి బలం లేక కాదు. ఆమె చెయ్యి వేస్తుందని వాడి ఊహలో ఎన్నడూ లేదు కాబట్టి పట్టు వదిలేశాడు.

"థూ, నీ చేతులిరగా! నీకు కూడు పెట్టిన చేతుల్రా ఇవి! నేను గోడనా? డబ్బానా?" అంది. అంతా తెలుగులోనే. వాడికి ఒక్క మాటా అర్థం కాలేదు. అర్థం కావాలనీ ఆమెకు లేదు.

పిస్తోలును గ్లాసుల పక్కన పళ్లెంలో పెట్టి, పైన వంటింటి తువ్వాలు కప్పి, దాని నోరు ఏ మనిషి వైపూ లేకుండా చూసుకుని పళ్లెం ఎత్తింది. ఫహద్ వెంటపడ్డాడు. "తీరూ, ఇవ్వు. తీరూ, తమాషా చేశా." వాకిట్లో అరిస్తే దివానియాలో వినబడుతుందని గొంతు తగ్గించాడు. ఆమె నడక తగ్గించలేదు.

గుమ్మం దగ్గర బాషా చేతులు చాచాడు. తువ్వాలు కింద ఆకారం చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"అక్కా, వొద్దక్కా. లోపల పెద్దోళ్లుండారు."

"అందుకే పోతాండా. తప్పుకో."

బాషా తప్పుకున్నాడు.

లోపల ఏడెనిమిది మంది గోడల వెంబడి దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. ఆడమనిషి గుమ్మం దాటేసరికి మాటలు ఎక్కడివక్కడ ఆగాయి. ఆమె తివాచీ మీద నడిచి బాబా ముందు పళ్లెం దించి, తువ్వాలు తీసింది.

"బాబా, ఫహద్ నా మొహానికి దీన్ని గురిపెడతాడు. వీపుకు పెడతాడు. చెవికి పెడతాడు. రోజూ. అడిగితే ఖాళీది అంటాడు. మామా కూడా ఖాళీది అంటుంది. ఇప్పుడూ ఖాళీది అన్నాడు. మీరు చూసి చెప్పండి, ఖాళీదో కాదో."

ఆమె అరబ్బీలో మగా ఆడా తేడాలన్నీ తప్పే. కానీ ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

బాబా మొహంలో ముందు కనిపించింది ఆమె మీది కోపమే. పదిమందిలో ఇంటి గుట్టు. ఆయన పిస్తోలు తీసుకుని పిడిలోంచి గుండ్ల డబ్బీ జారవిడిచాడు. డబ్బీలో ఏమీ లేదు. అందరికీ కనిపించేట్టు పైకెత్తాడు. ఎవరో హమ్మయ్య అన్నట్టు గొంతు సవరించుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ ఫహద్ "చెప్పానుగా" అన్నాడు.

"పై భాగం కూడా లాగు" అన్నాడు మూలన కూర్చున్న అబూ సాలెం. సైన్యంలో పనిచేసి వచ్చిన ముసలాయన, బాబాకు దూరపు చుట్టం.

బాబా పిస్తోలు పై భాగాన్ని వెనక్కి లాగాడు. లోపల గొట్టంలో ఉన్న గుండు బయటికి ఎగిరి, తివాచీ మీద పడి, దొర్లి, అబూ సాలెం మోకాలి దగ్గర ఆగింది.

ఫహద్ నోరు తెరుచుకుంది. ఆఖరి గుండు పైకి ఎక్కి ఉండిపోయిందనీ, డబ్బీ ఖాళీ అయినంత మాత్రాన పిస్తోలు ఖాళీ కాదనీ, బదర్ మీద మంటలో వాడు మర్చిపోయాడు. ఆ మొహం చూస్తే తెలుస్తోంది, నిజంగానే మర్చిపోయాడని.

బాబా లేచి వెళ్లి కొడుకు చెంప మీద కొట్టాడు. ఆ చప్పుడుకు తిరుపాలమ్మ ఉలిక్కిపడింది. అంతే. తన కడుపులో మంట మాత్రం ఇసుమంత కూడా చల్లారలేదు. వాళ్ల పరువు పోయినందుకు పడ్డ దెబ్బ అది. తనకోసం పడింది కాదు. ఆమె పళ్లెం కూడా తీసుకోకుండా బయటికి వచ్చేసింది. వెనక అబూ సాలెం గొంతు వినబడింది. "ఈ మనిషి నీ ఇంట్లో ఉండనంటే మా ఇంటికి పంపు. మాకు వంటమనిషి కావాలి."

తన గదిలోకి వచ్చి కూర్చున్నాక కోపం ఇంకా పెరిగింది. వాడు చూపించడం మానేసిన రోజు ఏదో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. ఆ తర్వాత మెట్ల మీద ఎన్నిసార్లు నడిచింది, పొయ్యి దగ్గర ఎన్నిసార్లు నిలబడింది! అందులో ఎన్ని ఖాళీవి? అన్నీ ఖాళీవే అయ్యుండాలి, బతికే ఉంది కాబట్టి. తాను బతికి ఉండటమే, అది ఖాళీదనడానికి వాళ్ల లెక్క. ఆ మాట తోచగానే పెట్టె లాగి చీరలు సర్దడం మొదలుపెట్టింది.

పొద్దున మామా వచ్చింది. ఏడ్చినట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మగవాళ్లందరి ముందూ మా మొహాలు నల్లచేశావు తీరూ. నాకు చెప్పకూడదా?"

"చెప్పాను మామా. రెండుసార్లు చెప్పాను. నువ్వు గోళ్లు చూసుకుంటున్నావు."

మామా చేతులు నల్లటి పొడుగంగీ అబాయా మడతల్లోకి పోయాయి.

కాసేపటికి బాబా ఫహద్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. వాడి చెంప ఇంకా కంది ఉంది. పెద్దవాళ్లను క్షమాపణ అడిగేటప్పుడు అక్కడివాళ్లు వాళ్ల నెత్తి మీద ముద్దు పెడతారు. వాడు అట్లాగే ముందుకు వంగాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. వంగిన తల గాల్లోనే ఉండిపోయింది.

"నన్ను క్షమించు తీరూ."

"మాఫీ" అంది ఆమె.

గల్ఫులో ఉన్న ప్రతి తెలుగువాడికీ వచ్చే మొదటి అరబ్బీ మాట అది. లేదు అని. గుమ్మం బయట నిలబడి ఉన్న బాషాకు మాత్రం ఉర్దూలో ఆ మాటకు క్షమాపణ అని అర్థం కాబట్టి, ఒక క్షణం ఆమె క్షమించిందేమో అనుకున్నాడట.

"నాకు తెలియదు, అల్లా మీద ఒట్టు" అన్నాడు ఫహద్. "ఖాళీదే అనుకున్నా."

"తెలియదనే కదా నా కోపమంతా. నా తల ఎదురుగా పెట్టి, తెలియకుండా నొక్కుతావా? నీ వేలు ఆ ట్రిగ్గరుకు అలవాటు పడింది ఫహద్. ఎవరి మీద అలవాటు చేసుకున్నావో చూసుకున్నావా? నా మీద. ఇంకో మనిషి మీద నొక్కడానికి ఇప్పుడు నీ వేలికి అడ్డేం ఉంది?"

వాడు ఏడ్చాడు. ఆమె కళ్లు తడి కాలేదు. చిన్నప్పుడైతే కొంగుతో తుడిచేది. ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడింది, వాడి ఏడుపు వాడే తుడుచుకునే దాకా.

"ఏం కావాలో చెప్పు" అన్నాడు బాబా. జీతం పెంచుతానన్నట్టు మొదలుపెట్టాడు. ఆమె మధ్యలోనే ఆపింది.

"నా పాస్‌పోర్టు. వేరే ఇంటికి పోయేందుకు రిలీజు. అంతే. ఖలాస్."

ఆయన సరేనన్నాడు. అబూ సాలెం అడిగాక కాదనలేక అన్నాడో, నిజంగా మనసొప్పే అన్నాడో ఆమె పట్టించుకోలేదు. ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, అబూ సాలెం పేరు మీదికి మారేందుకు కొన్ని వారాలు పట్టింది. ఆ కొన్ని వారాలూ ఆ ఇంట్లోనే పనిచేసింది. ఫహద్ వంటింటి వైపు రాలేదు. పిస్తోలు మేనమామ ఇంటికి వెళ్లిపోయిందని విన్నది.

వెళ్లే రోజు బాషాయే కారు నడిపాడు. జహ్రా దాటి పెద్ద రోడ్డెక్కాక అడిగాడు.

"కోపం పోయిందా అక్కా?"

"పోల్యా."

"నేను గూడా చెప్పినా బాబాకు. నన్ను గ్యారేజీలో నిలబెట్టిన సంగతి. నిన్న చెప్పినా."

ఆమె అతని వైపు తిరిగింది. "ఏమన్యాడు?"

"ఏమన్లే. ఇని ఊరుకున్యాడు. నేనే ఇంకొంచెం గట్టిగా చెప్పినా, ఇంకోసారి అట్ల చేస్తే నేనూ ఉండనని. నోరెండిపోయింది చెప్పేసరికి."

"ఆలీసమైనా చెప్పినావు" అంది తిరుపాలమ్మ. ఆ నెలంతా బాషాతో ఆమె మెత్తగా అన్న మాట అదొక్కటే.

అబూ సాలెం ఇల్లు చిన్నది. ముసలాయన, భార్య, విడాకులు తీసుకుని వచ్చిన కూతురు, అంతే. పని తక్కువ. అయినా మొదటి వారంలోనే ఆమె ఆ కూతురి మీద అరిచింది. వంటింట్లో ఆమె బెండకాయలు తరుగుతుంటే వెనక నిలబడి ఆ పిల్ల పొయ్యి వెలిగించడానికి గ్యాస్ లైటరు నొక్కింది. టక్. తిరుపాలమ్మ చేతిలో కత్తితోనే గిరుక్కున తిరిగి, "వెనకనుంచి కాదు! నా ముందుకొచ్చి కొట్టు!" అని అరిచింది.

ఆ పిల్ల బిత్తరపోయింది. తండ్రి చెప్పి ఉన్నాడేమో, ఎందుకని అడగలేదు. లైటరు ఆమె చేతికే ఇచ్చి, "నువ్వే వెలిగించు" అంది.

తిరుపాలమ్మ కత్తి పక్కన పెట్టింది. లైటరు నొక్కితే మొదటిసారి అంటుకోలేదు. రెండోసారి అంటుకుంది. నూనె పోసి, బెండకాయ ముక్కలు మూకుట్లో వేసి, అట్లకాడ అందుకుంది.